హద్దురాయి అవతలి గూళ్ళు

ఎవరు ఏ సందేహంతో వచ్చినా పరదేశయ్యగారు ముందు మంచినీళ్ళు ఇచ్చేవారు. వచ్చినవాళ్ళు తాగి కాస్త స్థిమితపడ్డాకే మాట వినేవారు. ఆయన శిష్యుల్లో అన్నపూర్ణయ్య అనే బడిపంతులు ఒకడు. ఒక సాయంత్రం అతను చెంబు కింద పెట్టి, "అయ్యా, నాకు అప్పగించిన పని ఎక్కడితో ముగుస్తుందో తెలుసుకోవడం ఎలా?" అని అడిగాడు.

గురువుగారు తానెరిగిన పెంచలయ్య సంగతి చెప్పారు.

పెంచలయ్య పక్షుల రక్షిత చెరువుకు కాపలాదారు. ఏటా కార్తీకంలో గూడబాతులు వచ్చి, నీళ్ళలో నిలబడ్డ కడపచెట్ల మీద గూళ్ళు కట్టేవి. చుట్టూ కంచె, మూలమూలా హద్దురాళ్ళు. ఇరవై ఏళ్ళు ఆ కంచె లోపలికి గొడ్డలిని రానివ్వలేదతను. కానీ కొన్నేళ్ళుగా వానలు అదను తప్పాయి. కురిస్తే ఒక్కరోజులో ఊళ్ళు ముంచేవి, లేకుంటే నెలల తరబడి చినుకుండేది కాదు. ఒక ఏడు చెరువు నెర్రెలు విచ్చింది. గూడబాతులు వచ్చి, రెండు రోజులు పైనే తిరిగి, వెళ్ళిపోయాయి.

పెంచలయ్య వాటి వెంట సైకిలు తొక్కాడు. ఆరుమైళ్ళ అవతల, కాలవనీళ్ళు పారే కుంట ఒడ్డున, మస్తానమ్మ అనే రైతు పట్టా పొలంలోని తుమ్మచెట్ల మీద అవి పుల్లలు పేరుస్తున్నాయి. ఆమె గొడ్డలి నూరుకుంటూ వాటిని చూస్తోంది. ఇల్లు కూలేలా ఉంది, వాసాలకు ఆ చెట్లే ఆధారం.

"నీ చెరువు పిట్టలు నా నెత్తి మీద కూర్చున్నాయేం?" అందామె.

"నా చెరువులో నీళ్ళు లేవమ్మా. ఇక్కడ నాకు ఏ అధికారమూ లేదు. ఈ చెట్లు ఇప్పుడే కొట్టొద్దని అడుక్కోవడానికొచ్చాను."

"పిల్లలు ఎగిరేదాకా నేను ఆకాశం కింద పడుకోనా?"

పెంచలయ్య, తోటి కాపలావాళ్ళు హద్దు దాటింది మన పని కాదన్నా వినక, సెలవు పెట్టి వారం రోజులు తాటాకులు మోసి, పాత వాసాలకు ఊతకర్రలు పెట్టి, ఆమె ఇంటికి తానే కప్పు వేశాడు. మాఘంలో అకాలపు వాన జోరుగా కురిసింది. కప్పు కారలేదు. మర్నాడు అతను వెళ్ళేసరికి మస్తానమ్మ, గాలికి జారిపడిన పిల్లనొకదాన్ని గంపలో పెట్టుకుని, కుంటలోని చేపలు నోటికందిస్తోంది. "వీటి కంపు భరించలేకపోతున్నానయ్యా," అంటూనే గంప మీద పైటకొంగు సర్దింది.

ఎండలు ముదిరేలోగా పిల్లలన్నీ ఎగిరాయి, గంపలోదానితో సహా. ఆమె రెండు చెట్లు కొట్టుకుని వాసాలు వేసుకుంది, తక్కినవి ఉంచింది. ఆ రోజు ఇద్దరూ గట్టు మీద కూర్చుని తృప్తిగా అంబలి తాగారు.

అంతా విన్న అన్నపూర్ణయ్య అడిగాడు, "మరి మరుసటేడు ఏ చెరువులో దిగాయండీ?"

"ఏమో నాయనా," అన్నారు గురువుగారు. "కార్తీకం వస్తే పెంచలయ్య ఇప్పుడు ఒకచోట దొరకడు. సైకిలు మీద పిట్టలు ఎక్కడ దిగాయోనని ఊరూరా నీళ్ళు చూసుకుంటూ తిరుగుతుంటాడు."