మాల ఒక చుట్టు తిరిగేంత సేపు

"ఇక నేను కొండ దిగనమ్మా" అంది రింజిన్.

మంచుకొండల మీద ఉన్న ఆ చిన్న మఠంలో ఇద్దరే సన్యాసినులు. ముసలి యాంగ్‌చెన్, ఆమె శిష్యురాలు రింజిన్. మూడేళ్లు గడప దాటకుండా చదువుకున్న రింజిన్‌ను గురువు నిన్ననే మొదటిసారి కింది ఊరికి పంపింది, బిడ్డ పోయిన ఇంట్లో నాలుగు ఓదార్పు మాటలు చెప్పి రమ్మని. రింజిన్ వెళ్లి, ఈ లోకంలో ఏదీ శాశ్వతం కాదంటూ నేర్చుకున్న పాఠమంతా పొల్లుపోకుండా అప్పజెప్పింది.

"నీకేం తెలుసు కడుపుకోత? లే, ఇక్కణ్ణుంచి!" అని కసిరింది ఆ తల్లి. ఆ మాట రింజిన్‌ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

"సరే" అంది గురువు. "మంచు కరుగుతోంది. పూల నారు బయట పెట్టు."

చలికాలమంతా వంటింటి పొయ్యి పక్కన రింజిన్ ప్రాణంగా పెంచిన నారు అది. ఒకసారి నాటుకుంటే ఏటేటా మంచు కింద నుంచి మళ్లీ మొలిచి పూసే రకం. కుండీలన్నీ మోసుకెళ్లి ఎర్రటి ఎండలో పెట్టిందామె. సాయంత్రానికి సగం మొక్కలు పాలిపోయి, గాలికి కుండీల్లోనే వాలిపోయాయి.

"చేతులారా చంపుకున్నాను" అని ఏడ్చింది.

మర్నాడు గురువు మిగిలిన కుండీలను గోడ నీడన పెట్టి, పక్కనే కూర్చుని జపమాల తిప్పింది. ఒక చుట్టు పూర్తికాగానే లోపలికి తెచ్చేసింది. ఆ మర్నాడు రెండు చుట్లు. తర్వాత మూడు, కాస్త ఎండ తగిలేలా. గాలి వీస్తే రింజిన్ చేతులు అడ్డం పెట్టబోయింది. గురువు పెట్టనివ్వలేదు.

పదో రోజుకి కాడలు గట్టిపడ్డాయి. రింజిన్ చాలాసేపు వాటినే చూస్తూ నిలబడింది. ఆమెకు కోపమొచ్చింది.

"వీటిని ఇంత మెల్లగా బయటికి తెచ్చారు. నన్నెందుకమ్మా ఒక్కసారే పంపేశారు?"

యాంగ్‌చెన్ చేతిలో మాల ఆగింది.

"తప్పు నాదే తల్లీ" అని, లేచి ఉన్ని శాలువా కప్పుకుంది. "పద. ఒక్క చుట్టు సేపే. నువ్వేం మాట్లాడక్కర్లేదు. నేను పక్కనే ఉంటాను."

బిడ్డ పోయిన ఆ ఇంట్లో ఇద్దరూ గుమ్మం పక్కన కూర్చున్నారు. తల్లి వాళ్లను చూసి మొహం తిప్పుకుని ఏడుస్తోంది. చెప్పాల్సిన మాటలెన్నో రింజిన్ నోటిదాకా వచ్చాయి. మింగేసింది. తనకూ ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

మాల ఒక చుట్టు పూర్తయింది. గురువు లేచింది.

"మీరు వెళ్లండమ్మా" అంది రింజిన్ మెల్లగా. "నేను ఇంకో చుట్టు కూర్చుంటాను."