మొగులవ్వ పిలుపు

ఎప్పటి మాట అని అడగకండి, చెప్పలేను. బండరాయి ఇంకా మెత్తగా ఉన్న కాలం అనుకోండి. ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి, కన్నీళ్ళు తొందరగా వచ్చేవాళ్ళు కొంగు చేతిలో పెట్టుకోండి. ఇది నవ్వించే కథ కాదు.

అనగనగా ఒక రాతిగనుల ఊరు. ఊళ్ళో సగంమంది బండలు తీస్తారు, సగంమంది బండలు మోస్తారు. ఊరి చివర ఒక పెద్ద బడి. అక్కడ పదో తరగతి గట్టెక్కిన పిల్లలకు గని పని తప్పుతుంది. గట్టెక్కకపోతే తాత దిగిన గుంతలోకే మనవడూ దిగుతాడు. మధ్యలో ఇంకో దారి లేదు.

ఆ బడిలో గంట కొట్టే మనిషి మొగులవ్వ. గంటంటే ఏ ఇత్తడి గంటో కాదు, దూలానికి వేలాడదీసిన ఇనుప పట్టా ముక్క. పొద్దున మూడు దెబ్బలు, మధ్యాహ్నం మూడు దెబ్బలు, సాయంత్రం మూడు దెబ్బలు. నలభై ఏళ్ళు కొట్టింది. కొట్టీ కొట్టీ ముందు కుడిచెవి పోయింది, తర్వాత ఎడమచెవీ పోయింది. ఆ సంగతి చెల్లెలికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెవిటిదాన్ని గంట దగ్గర ఎవరుంచుతారు? ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టేది. పెదవులు కనబడనంత దూరమైతే చూడనట్టు పోయేది. "అవ్వకు పొగరు, పిలిస్తే పలకదు" అనుకునేవాళ్ళు పిల్లలు.

ఆ బడికి ఒక నియమం ఉంది. పదిరోజులు వరసగా రాని పిల్లల పేరును పెద్దసారు హాజరుపట్టీలోంచి కొట్టేస్తాడు. కొట్టేసిన పేరు మళ్ళీ ఎక్కదు. అందుకే తొమ్మిదో నాడు మొగులవ్వ బయల్దేరేది. నీకెందుకే ఈ తిప్పలు అని అడిగితే కస్సుమనేది.

"గంట కొట్టేది నేను. కొట్టినంక రావాలె. రాకుంటే నేనేమన్న గాలికి కొడుతున్ననా?"

ఒకసారి మల్లేశు అనేవాడు మేకల వెంట పోయాడు. తొమ్మిదో నాడు మొగులవ్వ గుట్టెక్కింది.

"బిడ్డా, నీ జాగ ఖాళీగున్నది. లే, పోదాం."

వాడి తండ్రి కర్ర ఎత్తాడు. ఆమె కదల్లేదు. పొద్దుగూకే దాకా అట్లాగే నిలబడింది. "తీస్కపో తల్లీ, నీ పీడ వదుల్తది" అని దండం పెట్టాడు తండ్రి.

ఇంకోసారి ఎంకటి అనేవాడు, అంగీ చినిగిందని సిగ్గుతో ఇల్లు కదల్లేదు. తొమ్మిదో నాడు మొగులవ్వ వాడి గడపలో నిలబడింది.

"బిడ్డా, నీ జాగ ఖాళీగున్నది. లే, పోదాం."

చనిపోయిన పెనిమిటి అంగీ తెచ్చి, చేతులు కత్తిరించి వాడికి తొడిగింది. అది వాడి మోకాళ్ళ దాకా వచ్చింది. పిల్లలు పడీపడీ నవ్వారు. అయినా వాడు వచ్చాడు.

ఇద్దరూ గట్టెక్కారు. గట్టెక్కిన పిల్లలకు ఏటా బడిలో పండగ. ఆకులేసి పరమాన్నం వడ్డిస్తారు. పిల్లలు తింటారు, సార్ల కాళ్ళకు మొక్కుతారు, ఎవరిదారిన వాళ్ళు పోతారు. మొగులవ్వ గుమ్మం దగ్గర నిలబడి చూసేది. "రా అవ్వా, కూర్చో" అని నలభై ఏళ్ళలో ఒక్క నోరు అనలేదు. అందరినీ పిలిచింది ఆమె, ఆమెను పిలిచిన దిక్కు లేదు. మనుషులంతే, ఏం చేస్తాం.

మూడోసారి వంతు బాలామణిది. లెక్కల్లో ఆ పిల్లను మించినవాళ్ళు బడిలో లేరు. తండ్రి కాలు బండ కింద నలిగింది. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా, తండ్రి బదులు పిల్ల గనిలో దిగింది. తొమ్మిదో నాడు రానే వచ్చింది. తెల్లారితే పెద్ద పరీక్ష.

మొగులవ్వ బయల్దేరింది. బండ్లబాట చుట్టుదారి అని, రాళ్ళకుప్పల వెనక అడ్డదారి పట్టింది.

ఆ పూట గనిలో బండలు పేల్చే మందు పెట్టారు. ఎర్రగుడ్డ పట్టుకున్నవాడు బండ్లబాట మీద నిలబడి మూడుసార్లు కేక వేశాడు. అందరూ బండల చాటుకు ఉరికారు. బాలామణీ ఉరికింది. వెనక్కి తిరిగి చూస్తే, గుంతకు అవతల మొగులవ్వ నడిచి వస్తోంది.

"అవ్వా, రాకు! ఎనకకు పో!" అని గొంతు చినిగేలా అరిచింది పిల్ల. పరుగెత్తబోతే ఇద్దరు కూలీలు రెక్క పట్టి ఆపారు. అప్పుడు చెయ్యెత్తి, పో పో అని ఊపింది.

మొగులవ్వకు కేక వినబడలేదు. చెయ్యి కనబడింది.

పిల్ల నన్ను పిలుస్తోంది అనుకుంది. నలభై ఏళ్ళకు ఒక పిల్ల నన్ను పిలుస్తోంది అనుకుంది. ముసలి ముఖం చేటంతయింది. "వస్తున్న బిడ్డా, వస్తున్న" అని కొంగు నడుముకు చుట్టింది. పిల్ల ఇంకా ఊపింది. ఆమె వడిగా నడిచింది. పిల్ల రెండు చేతులూ ఊపింది. ఆమె పరుగెత్తింది.

మందు పేలింది.

శవానికి నీళ్ళు పోసేటప్పుడు చెల్లెలు నోరు విప్పింది. "అక్కకు పదేండ్ల సంది చెవులు వినరావు" అంది. బాలామణి తన చేతులను చూసుకుంది. అప్పటిదాకా ఏడ్చిన పిల్ల ఆ మాట విన్నాక ఏడవలేదు. ఏడ్చే దుఃఖం కాదది.

తెల్లారింది. గంట మోగలేదు. పెద్దసారు పట్టీ తెరిచి, పేరు కొట్టేయడానికి కలం తీశాడు. గుమ్మంలో బాలామణి నిలబడి ఉంది. చేతులకు గోరీ మట్టి ఇంకా ఆరలేదు.

"నా జాగ ఖాళీగున్నదని చెప్పనీకి అవ్వ బయల్దేరింది సార్. నా దాకా రాలేదు. నేనే వచ్చిన."

పరీక్ష రాసింది. గట్టెక్కిందా అంటారు మీరు. గట్టెక్కింది. అందరికన్నా ముందుంది. ఆ పేరు విని ఒక్కరూ చప్పట్లు కొట్టలేకపోయారు.

పండగనాడు ఆకుల ముందు కూర్చున్నారు. బాలామణి ముద్ద ముట్టలేదు.

"ఆరో తరగతిల మనం అరవైమందిమి. ఇయ్యాల పంతొమ్మిది ఆకులే ఉన్నయి. కడమోళ్ళు ఏరీ?"

లేచి గనికి నడిచింది. మిగతావాళ్ళూ వెంట నడిచారు. పేర్లు పోయినవాళ్ళను ఒక్కొక్కరినే వెతికారు. కేక వెయ్యలేదు, చెయ్యి ఊపలేదు. ఎదురుగా వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, ముఖం చూసి "రా" అన్నారు. కొందరు దుమ్ము దులుపుకుని వచ్చారు. కొందరు ముఖం తిప్పుకున్నారు. ఒకడు దగ్గుతో లేవలేకపోయాడు, వాడి ఆకు వాడి దగ్గరికే తీసుకుపోయారు. ముగ్గురు అప్పటికే మట్టిలో ఉన్నారు.

అప్పటినుంచీ అక్కడ గట్టెక్కిన పిల్లలు ముందుగా తినరు. గనికి పోయి, పేరు పోయినవాళ్ళ భుజం తట్టి తెచ్చుకుని, వాళ్ళతోనే తింటారు. వచ్చేవాళ్ళు ఏటా కొందరే. అయినా పోవడం మానలేదు.

బాలామణి పండుముసలిదై కన్నుమూసింది. బతికుండగా ఒకనాడు, కన్నకూతురు అత్తవారింటికి పోతూ బండిలోంచి చెయ్యి ఊపితే, ఆమె చేతులు కట్టుకుని నిలబడిందట.

ఆ ఊరికి కొత్తగా వెళ్ళి, దూరం నుంచి ఎవరికైనా చెయ్యి ఊపి చూడండి. బదులు ఊపరు. చేతిలో పని కింద పెట్టి, మీ దాకా నడిచి వస్తారు. ముఖంలోకి చూసి, మెల్లగా అడుగుతారు.

"రమ్మన్నవా, పొమ్మన్నవా?"