ఆరని నీలం

అనగనగా సముద్రం ఒడ్డున, ఇసక మీదే ఇళ్ళు కట్టుకున్న ఒక ఊళ్ళో, పైడితల్లి అని ఒక పిల్ల ఉండేది. పిల్లంటే నీ అంత కాదు నాన్నా, పెళ్ళీడు పిల్ల. అందరూ పైడీ అని పిలిచేవాళ్ళు. వాళ్ళ నాన్న పడవలు చేసే వడ్రంగి. ఆయన పోతూ పోతూ ఉలీ సుత్తీ కూతురి చేతిలో పెట్టి పోయాడు.

ఊళ్ళో మాటలతో పైడిని గెలిచినవాళ్ళు లేరు. మగవాళ్ళు పంచాయితీ పెట్టుకుంటే మధ్యలో దూరి, అదెలా కుదురుద్ది అని నిలదీసేది. ఈ గుంట నోట్లో నోరు పెట్టలేం అని వాళ్ళే లేచిపోయేవాళ్ళు.

పైడికి ఒక తమ్ముడు, కొండబాబు. ఒక అమ్మ, దేముడమ్మ. అంతే ఇల్లు.

ఒకనాడు కొండబాబు వేటకెళ్ళాడు. సముద్రం మీద చేపలు పట్టడాన్ని వాళ్ళు వేట అంటారులే. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. సాయంత్రానికి మిగతా పడవలన్నీ వచ్చాయి. కొండబాబు పడవ రాలేదు. అప్పుడు ఒకరోజు చూశారు, రెండు రోజులు చూశారు, మూడు రోజులు చూశారు. నాలుగో రోజు తెల్లారేసరికి ఒక చెక్క ముక్క ఒడ్డుకి కొట్టుకొచ్చింది. దాని మీద నీలం రంగు, పైన పసుప్పచ్చ గీత. ఆ రంగులు ఊళ్ళో ఒక్క కొండబాబు పడవకే ఉండేవి.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. సముద్రం మనిషిని తీసుకుని తిరిగి ఇవ్వకపోతే, వాడి పడవలాంటిదే చిన్న పడవ ఒకటి చెయ్యాలి. కొలత తప్పకూడదు, రంగు తప్పకూడదు. మనిషి వేటకెళ్ళిన రోజు నుంచి లెక్కపెట్టి, పదకొండో రోజు పొద్దున దాన్ని అలలు దాటించాలి. అప్పుడు నీళ్ళలో తిరుగుతున్నవాడు ఆ రంగులు చూసి, ఇది నా పడవే అని ఎక్కి, అవతలి ఒడ్డుకి పోతాడట. గుర్తుపట్టకపోతే ఆ నీళ్ళలోనే తిరుగుతుంటాడట. ఎన్నాళ్ళని అడక్కు. ఆ మాట ఎవరూ చెప్పలేదు.

దేముడమ్మ గుమ్మంలో కూర్చుంది. పడవ దాటేదాకా మెతుకు ముట్టనంది. పైడి ఏడవలేదు. ఏడవడానికి తర్వాత బోలెడు రోజులున్నాయి, పడవకి లేవు.

పెద్ద పడవలో మూర ఉంటే చిన్న పడవలో రెండు వేళ్ళు. అదీ లెక్క. పదహారు మూరల కొండబాబు పడవ ముప్పై రెండు వేళ్ళ పడవైంది. మూడు రోజులు చెక్కింది పైడి. తమ్ముడు కూర్చునే అడ్డబల్ల చేసింది, వాడు వల మడత పెట్టే చోటు చేసింది, లంగరు తాడు కట్టే మేకు కూడా వదల్లేదు. ఆ తర్వాత నీళ్ళు తాగకుండా చెక్కకి సొర చేప నూనె పట్టించింది. ఒకసారి సరిపోతుందంటే వినలేదు. తమ్ముడు ఎక్కే పడవ అని మూడు పూతలు వేసింది.

ఎనిమిదో రోజు పొద్దున నీలం రంగు వేసి, పైన పసుప్పచ్చ గీత గీసింది. ముసురు పట్టి ఉంది. సాయంత్రానికి వేలు పెట్టి చూసింది. రంగు వేలికి అంటుకుంది.

అప్పుడు తాటాకు విసనకర్ర తీసుకుంది. తమ్ముడికి జ్వరమొస్తే ఎలా విసిరేదో అలా విసిరింది, చెయ్యి మార్చి చెయ్యి మార్చి. రంగు ఆరలేదు సరికదా, ఒక ఈగ వచ్చి వాలి, మళ్ళీ లేవలేకపోయింది. పైడి దాన్ని పిన్నీసుతో తీసింది. రెక్క ఒకటి అక్కడే ఉండిపోయింది.

తొమ్మిదో రోజు పిన్నమ్మ వాళ్ళ ఇంటికి పట్టుకెళ్ళింది. ఆ పిన్నమ్మ చేపలకి పొగబెట్టి అమ్ముకుంటుంది. నిప్పుల గూడు మీద చేపలకి బదులు పడవని పెట్టారు. ఒక గడియ గడిచింది. పైపైన తొక్కలా కట్టింది. ఆరింది అనుకుని పైడి చెయ్యి చాపేలోగా, నూనెలో అప్పడం పొంగినట్టు బుడగలు లేచాయి. బుడగ చిదిపితే లోపల పచ్చి రంగు. నీలం కాస్తా పొగచూరి నల్లబడింది. పిన్నమ్మ ఏడ్చింది. పైడి బ్లేడుతో అంతా గీకేసి మళ్ళీ మొదటి నుంచి వేసింది.

పదో రోజు పడవని బుట్టలో పెట్టుకుని, ఆటో ఎక్కి పట్నం వెళ్ళింది. రంగుల కొట్టాయన్ని, తొందరగా ఆరడానికి ఏదైనా కలిపే మందుందా అని అడిగింది. ఉందని ఆయన సీసా తీశాడు. మూత తిప్పబోతూ పడవని ఒకసారి వాసన చూశాడు.

"కింద ఏం పూశావమ్మా?"

"సొర నూనె. మూడు పూతలు."

ఆయన సీసా మళ్ళీ లోపల పెట్టేశాడు. నూనె తాగిన చెక్క మీద రంగు పట్టదమ్మా, ఏ మందు కలిపినా అంతే, ముందు ఆ నూనె ఇంకిపోవాలి, మంచి ఎండైతే పది పన్నెండు రోజులు పడుతుంది అన్నాడు. పైడికి ఆ సంగతి తెలియక కాదు నాన్నా. పెద్ద పడవకి నూనె పెట్టాక నెల్లాళ్ళు ఎండబెట్టేవాళ్ళు, ఆ తర్వాతే రంగు. చిన్నప్పటి నుంచీ చూసిందే. కానీ చెక్క కనిపిస్తే నూనె పెట్టే చెయ్యి అది. తమ్ముడి పడవ అనుకుంది, మూడుసార్లు పెట్టింది. నెల్లాళ్ళ మాట ఆ ఒక్కసారి గుర్తు రాలేదు.

ఆటోలో వస్తున్నంతసేపూ బుట్ట ఒళ్ళో పెట్టుకుని, తన చేతుల్నే చూసుకుంటూ కూర్చుంది.

ఊరు చేరగానే పెద్దమనిషి జాలయ్య తాత దగ్గరికి వెళ్ళింది. గడువు పెంచమంది. పదకొండే ఎందుకు, ఇరవై ఎందుకు కాకూడదు, ఆ లెక్క పెట్టినవాళ్ళు ఏ ముసురులోనైనా రంగు వేశారా అని నిలదీసింది. తాత వల అల్లుకుంటూ అంతా విన్నాడు. కోప్పడలేదు.

"పది రోజులు ఆగితే సముద్రం ఎక్కడికైనా పోద్దా తాతా?"

"సముద్రం పోదమ్మా. ఆడు పోతాడు."

పైడి బుట్ట ఎత్తుకుని లేచిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల మాటల్లో ఓడిపోవడం అదే మొదలు.

పదకొండో రోజు పొద్దున ఊరంతా ఒడ్డుకి వచ్చింది. పైడి పడవని అడుగున పట్టుకుని, పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చింది. నీలం మెరుస్తోంది. చూసినవాళ్ళు ఎంత బాగుందో అనుకున్నారు. పచ్చిగా ఉంది కాబట్టి మెరుస్తోందని పైడి ఒక్కదానికే తెలుసు.

నడుము లోతు నీళ్ళలోకి వెళ్ళి వదిలింది. మొదటి అల వెనక్కి నెట్టింది. మళ్ళీ వదిలింది. రెండో అల పక్కకి పడేసింది. మళ్ళీ వదిలింది. మూడో అల పడవని బోర్లా తిప్పి, ఒడ్డు దాకా దొర్లించి, ఇసకలో పారేసింది.

పైడి పరిగెత్తి తీసింది. ఒక్క వేలెడు నీలం కనబడటం లేదు. పచ్చి రంగుకి ఇసకంతా అంటుకుని, పడవ పంచదార అద్దిన కజ్జికాయలా ఉంది. అప్పుడు అరచేత్తో ఇసక తుడిచింది. ఇసకతో పాటు రంగు వచ్చేసింది. ఇంకొంచెం తుడిచింది, ఇంకొంచెం వచ్చేసింది. పసుప్పచ్చ గీత పోయింది. నీలం పోయింది. తుడిచి తుడిచి ఆగేసరికి చేతిలో ఉత్త చెక్క మిగిలింది, నూనె వాసనతో.

దేముడమ్మ లేచి దగ్గరికి వచ్చింది. మెతుకు ముట్టనన్నాక మళ్ళీ నోరు తెరవని మనిషి, పడవ వంక చూసి, మెల్లగా అడిగింది.

"ఆడికి తెలుస్తాదంటావా, పైడీ?"

"తెలుస్తాదమ్మా."

అలా అని, మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళింది. ఈసారి మెడ లోతు దాకా వెళ్ళి వదిలింది. రంగు లేని పడవ అలలు దాటింది. మూడు పూతల నూనె కదా, చుక్క నీరు తాగకుండా, బెండులా తేలుతూ, తిన్నగా పోయింది. చూస్తూ చూస్తూ ఉండగా చుక్కంత అయింది. ఆ తర్వాత అదీ లేదు.

ఆ పూట దేముడమ్మ గంజి తాగింది. కూతురు చెప్పిన మాట నమ్మింది.

పన్నెండో రోజు ఫెళ్ళున ఎండ కాసింది. ఊళ్ళో వాళ్ళంతా తడిసిన వలలు, చేపలు, గుడ్డలు ఆరబెట్టుకున్నారు. పైడి గుమ్మంలో అమ్మ పక్కన కూర్చుంది. రెండు అరచేతులూ ఒళ్ళో తెరిచి పెట్టుకుంది. ఆ చేతుల మీద నీలం శుభ్రంగా, గట్టిగా ఆరిపోయి ఉంది. గోటితో గీరింది. ఊడలేదు.

కొండబాబు ఎక్కాడా అని అడుగుతున్నావు కదూ. నాకు తెలియదు నాన్నా. పైడికీ తెలియదు. నువ్వు ఆ కాలు దుప్పట్లోకి లాక్కో.

పడవేమో నీటికి,
కథేమో కంచికి,
నిద్దరేమో కంటికి,
నువ్వూ నేనూ ఇంటికి.