చివరి కుర్చీకి వేరే చెంబు

ఉపదేశి జోజప్పగారిని ఏదైనా ప్రశ్న అడిగితే ముందు కళ్లజోడు తుడుచుకుంటారు. ఆ తరువాత ఏదో ఒక పని పురమాయిస్తారు. జవాబు మాత్రం దాని వీలు చూసుకుని వస్తుంది.

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో రోజూ పొద్దున్నే చర్చి వరండాలో ఆయన, శిష్యుడు ఇన్నయ్య కూర్చుని ఆనాటి వాక్యం చదివి ధ్యానించుకునేవారు. పవిత్రవారం బుధవారం నాడు పన్నెండుమంది శిష్యుల్లో ఒకడైన యూదా, ప్రభువును శత్రువులకు అప్పగించడానికి ఒప్పుకున్న ఘట్టం వచ్చింది. ఇన్నయ్య బైబిలు మూసి, "అయ్యగారూ, తనను అప్పగించేది వీడేనని తెలిసి కూడా ప్రభువు వాడి కాళ్లు కడిగాడు. అందులో జ్ఞానం ఏముందండీ?" అని కాస్త ఘాటుగానే అడిగాడు.

ఆ ఘాటుకు కారణం ఉంది. మట్టల ఆదివారం కోసం ఇన్నయ్య నెల్లాళ్లు కష్టపడి జ్ఞానం మీద ఒక ధ్యానం తయారుచేసుకున్నాడు. సంతోషం పట్టలేక చిన్ననాటి స్నేహితుడు బాలశౌరికి ముందే వినిపించాడు. ఆ మహానుభావుడు వారం తిరగకుండానే పక్క ఊరి ప్రార్థనలో, ఇన్నయ్య మధ్యమధ్య దగ్గే దగ్గుతో సహా, దాన్ని తనదిగా చెప్పేసి ఆహా అనిపించుకున్నాడు. తీరా ఆదివారం ఇన్నయ్య చెబితే, పక్క ఊరి చుట్టాలు, "బాలశౌరి చెప్పింది బాగా బట్టీ పట్టావయ్యా!" అని వీపు తట్టారు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. నిజానికి ఇన్నయ్యకు కోపం కంటే దిగులే ఎక్కువ. అతనికున్న స్నేహితుడు బాలశౌరి ఒక్కడే.

జోజప్పగారు కళ్లజోడు తుడుచుకున్నారు. "రేపు పవిత్ర గురువారం పూజలో ఫాదర్‌గారి చేత కాళ్లు కడిగించుకునే పన్నెండు మందికీ కుర్చీలు నువ్వే సర్దు," అన్నారు.

ఆ చర్చిలో కుర్చీల వెనక ప్రభువు శిష్యులైన పన్నెండుమంది అపొస్తలుల పేర్లు అంటించడం ఆచారం. చివరిది యూదా కుర్చీ. అందులో కూర్చోమంటే ఎంతటివాడికైనా ఉన్నట్టుండి కడుపునొప్పి వస్తుంది. అందుకే ఎవరు ఎక్కడో ముందే రాసి పెడతారు. ఇన్నయ్య ఆ కుర్చీకి బాలశౌరి పేరు రాశాడు. పదకొండు మంది కాళ్లు కడిగేసరికి నీళ్లు చల్లారిపోతాయని గుర్తొచ్చి మరీ సంబరపడ్డాడు.

గురువారం సాయంత్రం పేతురు కుర్చీలో కూర్చోవలసిన రాయప్పకు జ్వరం తగిలింది. మొదటి కుర్చీ ఖాళీగా ఉంటే ఏం బాగుంటుందని పెద్దలు, "జరగండి, జరగండి," అన్నారు. అందరూ ఒక్కో కుర్చీ ముందుకు జరిగారు. బాలశౌరి బతుకుజీవుడా అని పదకొండో కుర్చీలో పడ్డాడు. ఫాదర్‌గారు చుట్టూ చూసి, "ఇంకొకరు కావాలి. ఇన్నయ్యా, నువ్వు రా," అన్నారు.

చర్చి నిండా జనం. ఇన్నయ్య తను అంటించిన యూదా చీటీకే వీపు ఆనించి కూర్చున్నాడు. చెవులు కాలిపోతున్నాయి. పక్కనుంచి బాలశౌరి వంగి, "ఒరే, తప్పయిపోయిందిరా. నీకు మొహం చూపించలేక చస్తున్నాను," అని గొణిగాడు.

ఇన్నయ్య ఏదో అనబోయేలోగా ఫాదర్‌గారు వచ్చి ఎదుట మోకరించారు. జోజప్పగారు చెంబు అందించారు. ఇన్నయ్య చన్నీళ్లకు సిద్ధపడి పళ్లు బిగించాడు. కాలిమీద పడ్డవి హాయిగా, వెచ్చగా ఉన్నాయి. సిగ్గుతో అతనికి కళ్లనీళ్లు తిరిగాయి. ఫాదర్‌గారు కాలు తుడిచి లేచాక ఇన్నయ్య బాలశౌరి వైపు తిరిగి, "దగ్గు కూడా ఎందుకు దగ్గావురా, వెధవా?" అన్నాడు. ఇద్దరూ నవ్వు ఆపుకోలేక తల వంచుకుంటే, జనం భక్తి అనుకున్నారు.

పూజ అయ్యాక బయట జోజప్పగారు చెంబులు బోర్లిస్తున్నారు.

"అయ్యగారూ, నా దాకా వచ్చినా నీళ్లు చల్లారలేదేమండీ?" అన్నాడు ఇన్నయ్య.

ఆయన ఈసారి కళ్లజోడు ముట్టుకోలేదు.

"ఆ కుర్చీకి ముప్ఫై ఏళ్లుగా వేరే చెంబు కాచి తెస్తున్నాను, నాయనా. అందులో ఎవరు కూర్చుంటారని మాత్రం ఏ ఏడూ అడగలేదు."