నిషాదానికి మైనం

నాగూర్ వలికి తన వేళ్ళ కణుపుల మీది గడ్డలంటే మహా గర్వం. వాళ్ళ నాన్నకీ, తాతకీ అక్కడే ఉండేవి. నాదస్వరం సాధన చేసి చేసి కాచిన కాయలని ఆ ఇంట్లో నమ్మకం. పెళ్ళిళ్ళలో నలుగురికీ కనబడేలా చేతులు ఎత్తి మరీ వాయించేవాడు. తాతా నాన్నా ఇద్దరూ నలభై దాటకుండానే గుండె ఆగి పోయారు. దానికీ ఈ కాయలకీ సంబంధం ఉందని ఎవరికి తడుతుంది?

ఒకరోజు అక్క కాశింబీకి గుండెల్లో నొప్పి వస్తే ఒంగోలు తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ ఆమె చేతులు చూసింది, తర్వాత ఇతని చేతులూ చూసింది. అక్క ఏనాడూ నాదస్వరం ముట్టలేదు. అయినా ఆమె కణుపుల మీదా అవే గడ్డలు.

"ఇవి కాయలు కాదయ్యా, కొవ్వు. మీ వంశంలో ఒక జన్యువు మారింది. అందుకే పుట్టినప్పటి నుంచీ రక్తంలో కొలెస్ట్రాల్ పేరుకుపోతోంది. మీ పాపకీ వచ్చి ఉండొచ్చు, రాకపోయీ ఉండొచ్చు. పరీక్ష చేయించు. ఉన్నా సరే, చిన్నప్పటి నుంచే మందు వాడితే గుండెను కాపాడుకోవచ్చు," అంది డాక్టరమ్మ.

అక్కకు మందులు కొనిచ్చి ఇంటికి చేర్చాడు గానీ, కూతురు జాన్‌బీ ఊసు మాత్రం ఎత్తనివ్వలేదు. నాదస్వరం సంచి చంకన పెట్టుకుని నేరుగా గురువు బుడే సాహెబ్‌గారి ఇంటికి వెళ్ళి అరుగు మీద కూలబడ్డాడు.

"సాధన అనుకుని విర్రవీగాను, రోగమని తేలింది. మా రక్తంలోనే ఉందంట గురువుగారూ. రక్తాన్ని ఎవడు మారుస్తాడు? పిల్లకీ ఉందని తెలిస్తే నేను తట్టుకోలేను. తెలియకపోతేనే నయం."

సాహెబ్‌గారు ఆకూవక్కా నములుతూ విన్నారు. ఓదార్చడం ఆయనకు బొత్తిగా చేతకాదు. "వాద్యం తెచ్చావుగా, వాయించు," అన్నారు.

అది తాత చేయించిన నాదస్వరం. వలి కల్యాణి రాగం ఎత్తుకున్నాడు. ఏడో స్వరం నిషాదం దగ్గరకొచ్చేసరికి ఎప్పటిలాగే శ్రుతి కాస్త హెచ్చింది.

"అదేంటది?"

"తాతనాటి నుంచీ అంతే గురువుగారూ. ఆ రంధ్రం కొంచెం పెద్దది పడింది."

"ఎవరి తప్పు?"

"ఎవరిదని చెప్తాం? తొలిచేటప్పుడు అట్టా పడింది."

"మరి ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

వలి తల దించుకున్నాడు. "మా ఇంటి బాణీ అని చెప్పుకున్నాం."

సాహెబ్‌గారు ఫక్కున నవ్వారు. చిటికెడు మైనం తీసి, వేళ్ళ మధ్య మెత్తగా నలిపి, ఆ రంధ్రం అంచున అంటించి వాద్యం తిరిగి చేతికిచ్చారు.

వలి ఊదాడు. నిషాదం శ్రుతిలో నిలిచింది. ఆ ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ వినని నిషాదం అది. నమ్మలేక మళ్ళీ ఊదాడు. కళ్ళు చెమర్చాయి.

"చెక్క మారలేదు కదా గురువుగారూ."

"మారలేదు."

"మైనం ఎన్నాళ్ళుంటుంది?"

"ఊదేకొద్దీ కరుగుతుంది. మళ్ళీ పెట్టుకోవాలి. పెట్టుకున్నన్నాళ్ళూ పలుకుతుంది."

వలి నాదస్వరాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని లేచాడు.

"ఎక్కడికిరా?"

"జాన్‌బీ బడి వదిలే వేళయింది గురువుగారూ. చీకటి పడకముందే ఒంగోలు చేరాలి."