చెవిలో చెప్పే మందు

నమ్మవు. పందెం, నువ్వు నమ్మనే నమ్మవు. మందు తెలిసిన వైద్యుడు మధ్యలోనే పడి ఉండగా, అడవి అడవంతా ఆ మందు లేక అల్లాడిందంటే నమ్ముతావా? మధ్యలో నవ్వకుండా చివరిదాకా విను, తర్వాత మాట్లాడు.

కాకిబండ అని ఓ అడవి. అందులో దుప్పులు, అడవిపందులు, కుందేళ్లు, నెమళ్లు, అన్నీ ఉండేవి. వైద్యుడు మాత్రం ఒక్కడే. బూడిదయ్య అని ముసలి కొండముచ్చు. ఒళ్లు బూడిద, మూతి బొగ్గు. తొమ్మిది రోగాలకి తొమ్మిది పసర్లు తెలుసు వాడికి. పాము కాటుకొకటి, దగ్గుకొకటి, వణుకుడు జ్వరానికొకటి, అలా.

కానీ ఏది ఏ ఆకో చచ్చినా చెప్పడు. పసరు కావాలంటే వాడి చెట్టు పక్కనున్న బండ వైపు తిరిగి కళ్లు మూసుకోవాలి. వాడు వెళ్లి ఆకు తెచ్చి, రాతి మీద నూరి, రోగి నోట్లో పిండి, ఆ రాయి వాగులో కడిగేసి, అప్పుడు "ఊఁ, తెరవండి" అంటాడు.

ఆ అడవిలోనే చెవులమ్మ అని ఓ కుందేలు. నలుగురు పిల్లల్లో ముగ్గుర్ని గద్ద ఎత్తుకుపోయింది. మిగిలింది ఒక్కటే, పేరు దూది. దానికేమో ఏటా వానలు పడగానే వణుకుడు జ్వరం.

ఒకరోజు చెవులమ్మ అడిగేసింది. "తాతా, నీ దగ్గరికి మోసుకొచ్చేసరికే దీనికి సగం ప్రాణం పోతోంది. ఆ ఆకేదో చెప్పు, బొరియ దగ్గరే నూరుకుంటా."

"చెప్తే గుణం పోద్ది పిల్లా," అన్నాడు బూడిదయ్య. "మా తాత చచ్చేముందు మా నాన్న చెవిలో చెప్పాడు. నాన్న చచ్చేముందు నా చెవిలో. నేనూ పోయేముందే చెప్తా, ఎవరో ఒకరి చెవిలో."

"ఈలోపు నువ్వు చెట్టు మీంచి జారిపడితే?"

"కొండముచ్చు జారడమేంటే! మతుండే మాట్లాడుతున్నావా?"

పక్కనే బురదన్న అనే అడవిపంది బురదలో దొర్లుతున్నాడు. వాడు అందుకున్నాడు. "చెవులు పొడుగ్గా ఉన్నాయి కదా, తన చెవిలోనే చెప్తాడనుకుంటోంది పాపం!"

అందరూ పకపకా నవ్వారు. చెవులమ్మ దూదిని తీసుకుని వెళ్లిపోయింది.

వానలు పడ్డాయి. ఆ ఏడు జ్వరం మామూలుగా రాలేదు. రోజుకి పది మంది వచ్చి బండ వైపు తిరిగి కూర్చునేవాళ్లు. బూడిదయ్య నూరి నూరి పోశాడు. పదకొండో రోజు నూరుతుంటే వాడి చెయ్యే వణికింది.

"జ్వరమా తాతా?" అంది ఓ నెమలి.

"వైద్యుడికి జ్వరమేంటి? చలి!" అని కసిరాడు. ఒక్క చుక్క పసరు నోట్లో వేసుకుంటే సరిపోయేది. వేసుకుంటే జ్వరమని ఒప్పుకున్నట్టే కదా. వేసుకోలేదు.

ఆ తర్వాత మూడోరోజు చెట్టు మీంచి దభీమని పడ్డాడు. నాలుక కర్ర అయిపోయింది. సరిగ్గా ఆ పొద్దున్నే దూదికి వణుకు మొదలైంది.

చెవులమ్మ పరుగెత్తుకొచ్చి వాడి నోటి దగ్గర చెవి పెట్టింది. "తాతా, ఇప్పుడన్నా చెప్పు."

"బ... బ... బ..."

అంతే. అంతకుమించి రాలేదు. బురదన్న చెవి పెట్టాడు, నెమలి చెవి పెట్టింది. ఎవరు పెట్టినా బ బ బ.

"పోనీ చెయ్యి పెట్టి చూపించు!"

చెయ్యెత్తాడు. ఆ చెయ్యి గడగడా ఊగుతోంది. ఓసారి కొండ వైపు, ఓసారి వాగు వైపు, ఓసారి ఆకాశం వైపు. అది ఎటు ఊగితే అటు అడవంతా పరుగెత్తింది. రెండు రోజులు పరుగెత్తారు. ఏది దొరికితే అది నమిలారు. ఓ దుప్పి ఏదో తెల్లపూల మొక్క నమిలి, నురగలు కక్కి, అక్కడికక్కడే పోయింది.

అప్పుడు చెవులమ్మకి తట్టింది. రాయి కడిగాడు సరే, ఇన్నాళ్లూ ఇదే ఆకు పిండిన అరచెయ్యో? వెళ్లి బూడిదయ్య అరచెయ్యి వాసన చూసింది. ఉంది! చేదు వాసన, కొద్దిగా. ఇంక కనిపించిన ఆకునల్లా కొరకడం, వాసన చూడటం, ఉమ్మడం. పెదాలు పగిలాయి. మూతి వాచిపోయింది. మధ్యమధ్యలో వెళ్లి దూదిని చూసొచ్చేది.

ఇంక ఓపిక లేక తన బొరియ ముందే కూలబడింది. మూతి కింద ఓ పిచ్చిమొక్క. చేదని ఏ కుందేలూ ముట్టనిది. కొరికింది.

అదే.

గబగబా నమిలి లోపలికి దూరి దూది నోట్లో పెట్టింది. దూది మింగలేదు. ఒళ్లు అప్పటికే చల్లబడిపోయింది.

చాలాసేపటికి బయటికొచ్చింది. ఆ మొక్క పీక్కుని తిన్నగా బూడిదయ్య దగ్గరికి నడిచింది.

బురదన్న అడ్డం నిలబడ్డాడు. "వీడికా? వీడి వల్లే కదమ్మా నీ బిడ్డ..."

"వీడి కోసం కాదన్నా. ఇంకా ఎనిమిది మందులు ఆ బుర్రలోనే ఉన్నాయి. తప్పుకో."

బూడిదయ్య నోట్లో పిండింది. తర్వాత బండెక్కి ఆ మొక్క అందరికీ చూపించింది. ఎవరి పిల్లలకి వాళ్లు నూరి పోసుకున్నారు. వారంలో జ్వరం పోయింది. అందరికీ తెలిసినా గుణం ఏం పోలేదు.

బూడిదయ్య లేచి కూర్చున్నాడు. నాలుక తిరిగింది. అడవంతా చుట్టూ చేరింది. ఎవ్వరూ కళ్లు మూసుకోలేదు.

"చెప్తా," అన్నాడు ఏడుస్తూ. "చెవిలో కాదు, గట్టిగానే చెప్తా. అన్నీ చెప్తా. దగ్గుకేమో..."

ఆగాడు.

"దగ్గుకి... ఎర్ర కాడ... కాదు కాదు..."

జ్వరం బుర్ర తినేసింది. చెవులమ్మ పక్కన కూర్చుని నెమ్మదిగా ఒక్కోటీ అడిగింది. పాము కాటుకి? తెలీదు. విరిగిన కాలికి? తెలీదు. ఎనిమిదోది అడిగేసరికి వాడు దాని మొహంలోకి చూసి, "ఇంతకీ నువ్వెవరమ్మా?" అన్నాడు.

వెనకాల ఓ దుప్పి పిల్ల ఖళ్లుఖళ్లుమని దగ్గింది. అందరూ అటు తిరిగారు. అప్పుడు చెవులమ్మ వాచిన మూతితోనే పక్కనున్న ఓ ఆకు అందుకుని ఏం చేసిందంటే... ఆఁ, వస్తున్నానమ్మా! అబ్బా, మా అమ్మ అరుస్తోంది, పోవాలి. నీతి ఒక్కటి చెప్పేసి పోతా.

నీతి: పదిమందిని బతికించేది నీకు తెలిస్తే నోరు పనిచేస్తుండగానే చెప్పెయ్, దాచుకున్నావంటే నీకంటే ముందు పక్కోళ్ల పిల్లలు పోతారు.