మోగని గంట

ఒక రాజ్యంలో ఫిరంగులు పోతపోసే పెద్ద కొలిమి ఉండేది. వేడి హద్దు దాటితే దానికి కట్టిన గంట మోగాలి, పనివాళ్లు బయటికి పరుగెత్తాలి. గంట ముత్తాతల కాలంనాటిది. ఓ రోజు అది మోగలేదు. కరిగిన కంచు పొంగి మీద పడి పనివాళ్లలో ఒకడు, సింగారమ్మ అనే ఆవిడ భర్త, చనిపోయాడు.

రాజు విచారణకు వచ్చాడు. ఏటేటా గంటను పరీక్షించే అధికారి విరూపాక్షయ్య, "ప్రభూ, గంట భేషుగ్గా ఉంది. అతడే ఏమరుపాటుగా ఉన్నాడు," అన్నాడు.

సింగారమ్మ చేతులు జోడించింది. "అయితే కొలిమి రాజేయించండి ప్రభూ. నా పెనిమిటి నిలబడ్డ చోట అయ్యగారు కూర్చోవాలి. గంట మోగగానే లేవొచ్చు."

రాజు సరేనన్నాడు. తిత్తులు ఊదారు. కంచు కుతకుతలాడుతూ అంచుదాకా పొంగింది. విరూపాక్షయ్య చెప్పులు వదిలేసి బయటికి పరుగెత్తాడు.

"గంట మోగలేదు కదయ్యా, ఎందుకు లేచారు?" అందామె. "మా ఆయన మీ మాట నమ్మి కదల్లేదు."

రాజు విరూపాక్షయ్య కొలువు తీసేసి, కొత్త గంట పెట్టించి, దాన్ని పరీక్షించే పని సింగారమ్మకే అప్పగించాడు.

అది మొదటిసారి ఖంగుమన్న రోజు అందరూ క్షేమంగా బయటపడి కేరింతలు కొట్టారు. ఆమె మాత్రం, "గంట మార్చే ఇంతపాటి పనికి ఒక మనిషి పోవాలా!" అంటూ కుప్పకూలి ఏడ్చింది.